ఎంగిలి చెంచా

పన్నెండు దాటిందంటే ఆరుగురూ ఒక్కసారిగా రాగం అందుకుంటారు. అందుకే ఇంకా పది నిమిషాలుండగానే బువ్వక్క వాళ్ళను గోడవార వరసగా కూర్చోబెట్టి, మెడలకు గుడ్డలు కట్టి, తను ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది. ఒళ్ళో ఒకే గిన్నె, చేతిలో ఒకే చెంచా. మెత్తగా మెదిపిన అన్నం, ఉడికిన కారెట్టు. ఈ కొసనుంచి ఆ కొసకు తలా ఒక ముద్ద, మళ్ళీ ఆ కొసనుంచి ఈ కొసకు. వేడి చూడ్డానికి చెంచా ముందు తన పెదవికి ఆనించుకుంటుంది. మూతి పక్కన కారినదాన్ని అదే చెంచాతో గీకి అదే నోట్లోకి తోస్తుంది. ఆరు గిన్నెలూ ఆరు చెంచాలూ ముందేసుకు కూర్చుంటే ఏది ఎవరిదో చూసుకునేలోగా మొదటివాడు మూడోదాని జుట్టు పీకేస్తాడు. ఇది ఎవరో నేర్పిన విద్య కాదు. ఆ పనిలో చేరిన ఎవరికైనా వారం తిరక్కముందే ఒంటబట్టేస్తుంది.

ఆఫీసులుండే ఒక పెద్ద మేడలో మూడో అంతస్తు అది. తలుపు మీద క్రెష్ అని రంగురంగుల అక్షరాలు. ఉద్యోగాలకు పోయే తల్లులు పొద్దున పిల్లల్ని అప్పజెప్పి సాయంత్రం తీసుకుపోతారు. ఆమె అసలు పేరు హాజరుపట్టీలో ఉంటే ఉండొచ్చు గానీ, మాటలొచ్చిన పిల్లలందరూ కలిసి పెట్టిన పేరు బువ్వక్క. మేడం నుంచి వాచ్‌మన్ దాకా అదే పిలుపు.

"ఆమ్!" అంది వరస చివరున్న బొంగరం, తన నోట్లోంచి ముద్ద తీసి బువ్వక్క నోటికి అందిస్తూ. ఏడాదిన్నర పిల్ల. కాలు ఒకచోట నిలవదు, అందుకా పేరు. అది తినడమే గొప్ప, పైగా ఊరందరికీ పెట్టాలనే యావ.

"అబ్బో, నాకేనా తల్లీ! ఎంత దయ!" అని బువ్వక్క ఆ ముద్ద అందుకుని నమిలింది. గిన్నె అడుగున మిగిలిందీ ఆమె నోట్లోకే పోయింది. అన్నం పారేయాలంటే ఆమెకు చేతులు రావు. ఎవరైనా మొహం చిట్లిస్తే, పసిపిల్లల ఎంగిలి కూడా ఒక ఎంగిలేనా అంటుంది. పైగా ఈమధ్య ఆకలి ఎక్కువైంది. నాలుగో నెల. ఆ సంగతి ఆ మూడో అంతస్తులో ఇంకా ఎవరికీ తెలియదు. అంతకుముందు పనిచేసినామెకు కడుపు కనబడ్డ వారానికే మేడం "ఇంట్లో హాయిగా విశ్రాంతి తీసుకోమ్మా" అని నవ్వుతూ సాగనంపింది. ఆ నవ్వు బువ్వక్క కళ్ళారా చూసింది. అందుకే వదులు చొక్కా, దాని మీద ఏప్రాను, నోటికి తాళం.

ఆ సోమవారం సాయంత్రం పంటినొప్పి అని చెప్పి గంట ముందే మెట్లు దిగి ఆసుపత్రికి వెళ్ళింది. కిందటి వారం తీసిన రక్తం తాలూకు కాగితం వచ్చిందన్నారు. డాక్టరమ్మ ఆ కాగితాన్ని మామూలుకంటే ఎక్కువసేపే చూసింది.

"ఏం పని చేస్తానన్నావ్?"

"క్రెష్‌లో ఆయానండి."

"పిల్లలకు తినిపిస్తావా?"

"నా పనే అదండి."

"వాళ్ళ ఎంగిలి తింటావా?"

బువ్వక్కకు తల కొట్టేసినట్టయింది. పిల్లల నోటిదగ్గర కూడు కాజేస్తున్నానని అనుకుంటోందా ఏమిటి ఈవిడ? "మిగిలింది పారేయలేకండి..." అని నసిగింది.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. అదొక వైరస్ అంది. అసలు పేరు నోరు తిరగదు, సీఎంవీ అనుకో అంది. పసిపిల్లల ఉమ్ములో, ఉచ్చలో నెలల తరబడి ఉంటుందట. ఉన్నా వాళ్ళు గంతులేస్తూనే ఉంటారట. పెద్దవాళ్ళకు వస్తే నాలుగు రోజుల జ్వరం, కాస్త నీరసం, అంతే. "నెలన్నర కిందట జ్వరం వచ్చిందన్నావే, అదే అయ్యుంటుంది. రక్తంలో చూస్తే కొత్తగా వచ్చిందనే తెలుస్తోంది. కడుపుతో ఉండగా మొదటిసారి వస్తే బిడ్డకు చేరే ప్రమాదం ఉంది."

"చేరిందా?"

"ఇప్పుడే చెప్పలేం. ముగ్గురిలో ఒకరికి చేరుతుంది. చేరినా చాలామంది బాగానే పుడతారు. కొందరికి చెవులు వినపడవు. కొందరికి..." తలుపవతల నర్సు ఇంకెవరి పేరో పిలిచింది. "మెదడు ఎదుగుదల దెబ్బతినొచ్చు. ఇరవై ఒకటో వారంలో ఉమ్మనీరు తీసి పరీక్ష చేస్తే తెలుస్తుంది. అందాకా స్కానులు చూసుకుంటూ ఉందాం. ఇప్పుడు నీకు పద్నాలుగు."

ఏడు వారాలు. వేళ్ళ మీద లెక్కపెట్టాల్సినంత లెక్కేం కాదు, అయినా బువ్వక్క ఒళ్ళో చేయి పెట్టుకుని ఒక్కో వేలూ మడిచింది.

"ముందే జాగ్రత్త పడుంటే ఇది తప్పేదా అమ్మా?"

"ఎంగిలి తినకుండా, సబ్బుతో చేతులు కడుక్కుంటూ ఉంటే చాలావరకు తప్పేది. నీకెవరూ చెప్పలేదా?" అంది డాక్టరమ్మ. సమాధానం కోసం ఆగలేదు. సొరుగులోంచి ఒక కాగితం తీసి చేతిలో పెట్టింది. దాని మీద బొమ్మలున్నాయి. ఎంగిలి చెంచా, దాని మీద ఎర్రగీత. చొల్లు కారే పిల్ల మూతి మీద ముద్దు, ఎర్రగీత. మురికి డైపరు, ఎర్రగీత. తన ఉద్యోగమంతా బొమ్మలు గీసి కొట్టేసినట్టుంది అనుకుంది బువ్వక్క బస్సులో. నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో కళ్ళు నిండి, దిగాల్సిన చోటు దాటిపోయింది.

మంగళవారం పొద్దున ఆరు రంగుల్లో ఆరు చెంచాలు కొనుక్కుని మేడం గదిలోకి వెళ్ళింది. దారిలో వల్లెవేసుకున్న మాటలన్నీ గుమ్మం దగ్గరే జారిపోయాయి. మిగిలిన నాలుగు ముక్కలూ చెప్పింది.

మేడం కుర్చీ వెనక్కి జరుపుకుంది. "నాలుగో నెలా? ఇన్నాళ్ళూ దాచావా? ఎంత గుండె ధైర్యం నీకు!"

"దాచడం తప్పే మేడం. కానీ ఇకనుంచి ఎవరి చెంచా వాళ్ళకు పెడదాం. తల్లుల్లో కూడా కడుపుతో ఉన్నవాళ్ళుంటారు. వాళ్ళ చెవిన ఒక మాట వేస్తే..."

"ఎవరున్నారు?"

బువ్వక్క నాలుక కరుచుకుంది. బొంగరం వాళ్ళమ్మ ఉంది. రెండు నెలల కిందట మెట్ల మీద ఆపి, "నీకొక్కదానికే చెబుతున్నా బువ్వక్కా, మళ్ళీ నెల తప్పాను. ఆఫీసులో పెద్ద సీటు నాకు వచ్చేలా ఉంది, తెలిస్తే ఇంకొకరికి ఇచ్చేస్తారు, ఎక్కడా అనకు. వాంతులతో నావల్ల కావడం లేదు, దీనికి సాయంత్రం తిండి కూడా నువ్వే పెట్టెయ్యి, డైపరు మార్చి పంపెయ్యి" అని బతిమాలింది. ఆ రోజు తన సంగతీ నోటిదాకా వచ్చింది. అమ్మో, తల్లుల నోటి నుంచి మేడం చెవికి ఎంత దూరం అని మింగేసింది.

"ఎవరో ఒకరుంటారు కదా అని అన్నాను మేడం."

"చూడు. వైరస్ అనే మాట ఈ గది దాటిందో, రేపు ఇక్కడ ఆడుకోవడానికి ఈగలు కూడా మిగలవు. నువ్వు పిల్లల జోలికి పోకు. దుప్పట్లు ఉతుకు." ఆరు చెంచాలూ అలాగే బల్ల మీద ఉండిపోయాయి.

దుప్పట్లంటే పిల్లలు తడిపినవే. ఉమ్ములో ఉండేది ఉచ్చలోనూ ఉంటుందని కాగితంలో ఉంది. ఆ ముక్క చెప్పబోతే మేడం ఫోను ఎత్తింది. బువ్వక్క రెండు చేతులకూ ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండు వేసుకుని ఉతికింది. గోడవతల పన్నెండు కొట్టకముందే ఆరుగురూ రాగం అందుకున్నారు. రెండో ఆయాకు ఒకేసారి ఆరు నోళ్ళు తెలియవు. బొంగరం గొంతు అన్నిటికంటే పైన వినిపిస్తోంది. బువ్వక్క కొళాయి ఇంకాస్త తిప్పింది.

వైరస్ అనే మాట గది దాటింది. దాటించింది మేడమే. ఎలా పసిగట్టారో గానీ ఒకరిద్దరు తల్లులు అడగనే అడిగారట, తినిపించేటామె ఎందుకు మారిందని. "ఆయాల్లో ఒకామెకు ఏదో వైరస్ అని తేలిందండీ, వెంటనే పిల్లలకు దూరంగా పెట్టేశాం" అందట మేడం. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అదే దాని గొప్పతనం. బుధవారం సాయంత్రానికి తల్లులు పిల్లల్ని ఎత్తుకుని గోడ పక్కగా నడుస్తున్నారు. నిన్నటిదాకా "బువ్వక్కా, నువ్వు లేకపోతే మేమేమైపోవాలి" అన్నావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఇచ్చింది పిల్లలు, పుచ్చుకుంది తను, అంటుజబ్బు మనిషి మాత్రం తనే అయింది. ఈ న్యాయం ఎక్కడిదో బువ్వక్కకు అంతుపట్టలేదు.

బొంగరం వాళ్ళమ్మ అందరికంటే ఆలస్యంగా వచ్చింది. ఆ పిల్ల అమ్మ చేయి విడిపించుకుని, తిరుగుతూ తూలుతూ వచ్చి ఉతికే గది గుమ్మంలో నిలబడ్డ బువ్వక్క మోకాళ్ళను వాటేసుకుంది. "బువ్వ! బువ్వ!" బువ్వక్క చేతులు వాటంతటవే కిందికి చాచుకున్నాయి. సంచులు తొడుక్కున్న చేతులు. అవి పిల్లను తాకకముందే వాళ్ళమ్మ వచ్చి లాగేసుకుంది.

"వద్దు. ప్లీజ్. నా సంగతి నీకు తెలుసు కదా," అంది గొంతు తగ్గించి. కళ్ళెత్తి చూడలేదు. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే ఎత్తుకుని మెట్లు దిగిపోయింది. మీకు చెప్పాల్సిన మాట ఒకటుందండీ అని బువ్వక్క అనేలోగా మేడం గది తలుపు తెరుచుకుంది. "రేపట్నించి నువ్వు ఇంట్లో హాయిగా విశ్రాంతి తీసుకోమ్మా," అంది మేడం. నవ్వు కూడా అదే.

ఆమె ఉండేది ఒంటిగది. పక్కింట్లో ఎవరు దగ్గినా వినిపించేంత పలచటి గోడలు. భర్త దూరంగా ఎక్కడో వంతెన కడుతున్నచోట క్రేను నడుపుతాడు. రెండు నెలలకోసారి వస్తాడు. ఆ సాయంత్రం ఫోనులో అంతా విన్నాడు. వెనక ఇనుము మీద ఇనుము కొడుతున్న చప్పుడు.

"ఇదిగో, నువ్వేం బెంగపెట్టుకోకు. తీయించేసుకో. మనకేం వయసు మించిపోయిందా? మళ్ళీ చూద్దాం," అన్నాడు మెత్తగా. కసురుకున్నా బాగుండేది, తిరిగి నాలుగు తిట్టేది.

"మూడింట రెండొంతులు ఏమీ ఉండకపోవచ్చు బావా."

"ఉంటే? రాత్రీ పగలూ చూసుకోవాల్సింది నువ్వే. నేనిక్కడ ఇనుప డబ్బాలో కూర్చుని ఏం చేయగలను?"

"అందుకే, చూసుకునేదాన్ని నేను. ఏడు వారాలు ఆగుతాను. పరీక్ష అయ్యాక మాట్లాడదాం."

అతను "తిన్నావా?" అని అడిగాడు. తిన్నానంది. తినలేదు. ఫోను పెట్టేశాక గదిలో ఫ్యాను ఒక్కటే మాట్లాడుతోంది. ఇంట్లో ఇంకో మనిషి ఉంటే, తిట్టే మనిషైనా సరే, ఎంత బాగుండునో అనిపించింది.

గురువారం పొద్దున ఎక్కడికీ వెళ్ళాల్సిన పని లేదు. అలవాటు కొద్దీ ఆరింటికే లేచి, జడ వేసుకుని, చెప్పులు కూడా తొడుక్కుని, గుర్తొచ్చి విప్పేసింది. పన్నెండైంది. తన అన్నం కలుపుకుని, మొదటి ముద్ద పెదవికి ఆనించి చూసుకుని, అలాగే ఏడ్చింది. ఆ పిల్లను వాళ్ళమ్మ లాగేసుకోవడం కళ్ళముందు నుంచి పోవడం లేదు. ఇన్నాళ్ళూ దాని ముక్కు తుడిచింది ఎవరు? ఉచ్చగుడ్డలు మార్చింది ఎవరు? ఆవిడకు ఏమీ చెప్పకూడదు. ఇంటికెళ్ళి ఆ పిల్ల అందించే ముద్దలు నోరారా తింటుంది కాబోలు, తిననీ. ముద్దులు పెట్టుకోనీ. తనకు తగిలింది ఆవిడకూ తగలనీ. ఆ మాట పైకే అంది. అన్నందుకు సిగ్గేమీ పడలేదు. ఆ పూటంతా ఆ కోపమే ఆమెకు తోడు.

పొద్దువాలేసరికి కోపం ఆకలిలాగే చచ్చిపోయింది. ఆవిడ లాక్కుంది సరే, ఆవిడ కడుపులోది ఏం పాపం చేసింది? తన కడుపులోది ఏం చేసిందని? డాక్టరమ్మ "నీకెవరూ చెప్పలేదా" అన్నప్పుడు తనకెలా ఉందో గుర్తొచ్చింది. ఇంకొకామె ఆ కుర్చీలో కూర్చుని ఆ మాట వినడం, అది తనకు తెలిసీ జరగడం, ఆ ఊహ ఆమెను నిలవనీయలేదు.

శుక్రవారం పదకొండింటికి నీళ్ళ బోర్డు ఆఫీసుకు వెళ్ళింది. బొంగరం వాళ్ళమ్మ అక్కడ ఫిర్యాదుల కౌంటరులో కూర్చుంటుంది. టోకెను తీసుకుంటే నలభై ఏడు వచ్చింది. నడుస్తున్నది ఇరవై రెండు. బెంచీ మీద ఒక ముసలాయన సీసాలో పసుప్పచ్చని నీళ్ళు తెచ్చి అందరికీ చూపిస్తున్నాడు, తన పొలంలో పండించినంత గర్వంగా. ఒకావిడ వారంగా చుక్క నీళ్ళు రాలేదని, ఇంకొకాయన ఆగకుండా వస్తున్నాయని. బువ్వక్క అందరిలాగే ఫిర్యాదు కాగితం తీసుకుంది. కౌంటరుకు అటూ ఇటూ గుమాస్తాలున్నారు. ఆవిడ కడుపు సంగతి వాళ్ళ ముందు ఎత్తకూడదు. అందుకని ఫిర్యాదు వివరాలు అన్నచోట గుండ్రటి అక్షరాలతో రాసింది: పిల్ల ఎంగిలి తినకండి. మూతి మీద ముద్దు పెట్టకండి. డైపరు మార్చాక చేతులు కడుక్కోండి. నాకు పిల్లల దగ్గర్నుంచే వచ్చింది. నేనూ కడుపుతో ఉన్నాను.

"నలభై ఏడు. ఫిర్యాదేంటి?" అంది ఆవిడ తలెత్తకుండా.

బువ్వక్క కాగితం జరిపింది. ఆవిడ చదివింది. చివరి వాక్యం దగ్గర ఆగిపోయింది. పక్క గుమాస్తాతో "ఐదు నిమిషాలు చూడండి" అని, వెనక తలుపు తీసుకుని బువ్వక్కను మెట్ల దగ్గరికి తీసుకెళ్ళింది. పాత మీటర్లు, తుప్పు పట్టిన పైపులు పడేసి ఉన్నాయక్కడ. ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"భయపడకండి," అంది బువ్వక్క గబగబా. "మీకు రావాలనేం లేదు. ఇప్పట్నించి జాగ్రత్త పడితే..."

"నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"ఇదంతా. రెండో నెల్లోనే మా డాక్టరు చెప్పింది. పిల్ల క్రెష్‌కి వెళ్తుందంటే పరీక్ష చేయించింది. నాకు ఇదివరకు రాలేదు కాబట్టి వచ్చే ప్రమాదం ఉందంది. అరగంట కూర్చోబెట్టి చెప్పింది. దాని ఎంగిలి ముట్టుకోవద్దు, మూతి మీద ముద్దొద్దు, కుదిరితే తినిపించడం, డైపర్లు మార్చడం వేరేవాళ్ళకు అప్పజెప్పు అని."

వేరేవాళ్ళకు. బువ్వక్క ఆ మాట దగ్గరే నిలబడిపోయింది. ఎంత మామూలు మాట. రెండు నెలలుగా ఆ వేరేవాళ్ళు తనే. సాయంత్రం తిండీ తనే, డైపరూ తనే.

"వాంతులన్నారు," అంది.

"వాంతులూ ఉన్నాయి." ఆవిడ మెట్ల కమ్మీ పట్టుకుంది. "నువ్వూ కడుపుతో ఉన్నావని నాకు తెలీదు బువ్వక్కా. ఒట్టు. మొన్న వైరస్ అన్నప్పుడు అదేనేమో అని గుండె గుభేల్మంది. నీ ముఖం చూడలేకపోయాను."

"నేను చెప్పలేదు కదండీ."

"చెప్పుంటే..."

"చెప్పుంటే ఏం చేసేవారు?"

ఆవిడ కమ్మీ మీది పెచ్చును గోటితో గీకుతూ ఉండిపోయింది. అబద్ధం చెప్పనందుకు బువ్వక్కకు ఆవిడ మీద కొంచెం గౌరవం కలిగింది. కోపం మాత్రం తగ్గలేదు. "కడుపున్నా లేకపోయినా ఒక్క మాట అనుండాల్సిందండీ. ఆ రోజు మెట్ల మీద నన్ను ఆపారు చూడండి, ఆ రోజు. మీ సంగతి అంత చెప్పారు. ఇదొక్కటీ చెబితే మీ సొమ్మేం పోయేది?"

"నువ్వు భయపడి మానేస్తే దాన్ని చూసుకునేదెవరు అనిపించింది," అంది ఆవిడ. చెప్పేసి కళ్ళు తుడుచుకుంది. "నేనేం చేయగలనో చెప్పు. నీ పరీక్షకు తోడొస్తాను. మా డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. ఏదైనా సరే."

"సోమవారం నా చోటికి కొత్తమ్మాయి వస్తోందట. వాచ్‌మన్ ఫోనులో చెప్పాడు. పెళ్ళై ఆర్నెల్లట. బొంగరాన్ని ఆమె చేతికి ఇచ్చేముందు చెప్పండి."

"మేడం ఊరుకోదు."

"ఊరుకోదు."

"ఆ అమ్మాయి తినిపించనంటే?"

"అప్పుడు మేడం ఆరు చెంచాలూ బయటికి తీస్తుంది. తీయకపోతే తల్లులే తీయిస్తారు. అది మీరూ మీరూ చూసుకోండి."

ఆవిడ తలూపింది. "చెప్తాను."

"ఎలా చెప్తారు?"

"ఎలా అంటే?"

"ఇప్పుడు చెప్పండి. నన్నే ఆ అమ్మాయి అనుకోండి."

ఆవిడ అటూ ఇటూ చూసింది. గొంతు సవరించుకుంది. "చూడమ్మా, చిన్నపిల్లల ద్వారా కొన్నిరకాల ఇన్ఫెక్షన్లు..."

"అలా చెబితే తలూపి వెళ్ళిపోతుందండీ. నాలాంటి మనిషే కదా. మళ్ళీ చెప్పండి."

ఈసారి ఆవిడ బువ్వక్క ముఖంలోకి చూసింది. బుధవారం చూడని ముఖంలోకి. "నువ్వు కడుపుతో ఉన్నావో లేదో నాకు చెప్పక్కర్లేదు. ఎవరికీ చెప్పక్కర్లేదు. కానీ మా పిల్ల ఎంగిలి తినకు. ఏ పిల్ల ఎంగిలీ తినకు. వేడి చూడ్డానికి చెంచా పెదవికి ఆనించుకోకు. ఎవరి చెంచా వాళ్ళకు పెట్టు. నోట్లోంచి తీసి నీకు అందిస్తారు, తిన్నట్టు నటించు చాలు, నవ్వుతారు. డైపరు మార్చిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కో. నీకేం కాదు. కానీ కడుపులో బిడ్డకు..." ఆగిపోయింది.

"ఆపకండి."

"బిడ్డకు చెవులు వినపడకపోవచ్చు. అంతకంటే ఎక్కువే కావచ్చు. అందుకని చెబుతున్నాను. జాగ్రత్తగా ఉండు తల్లీ."

అంతే. మొత్తం కలిపి నిమిషం పట్టలేదు.

బువ్వక్క మెల్లగా మెట్టు మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పనిలో చేరిన మొదటిరోజు మనిషిలాగా తలెత్తి ఆవిడను చూసింది.

"అలాగేనండీ," అంది. "జాగ్రత్తగా ఉంటాను."